ప్రవాస పాత్రికేయులకు కాపలా ఒక్కటే చాలదు

ప్రకాశం జిల్లాకు పేరిచ్చిన టంగుటూరి ప్రకాశం పంతులు 1921లో మద్రాసులో ‘స్వరాజ్య’ పత్రిక స్థాపించి, న్యాయవాద వృత్తిలో గడించిన సొమ్మును దానికి ధారపోశారు. నాటి వలస ప్రభుత్వం ఎంత కక్షగట్టినా, తన ఏలుబడి దాటి అంత సులువుగా చెయ్యి చాచగలిగేది కాదు. 1908లో పుదుచ్చేరి చేరిన సుబ్రహ్మణ్య భారతి, గూఢచారులు వెంటాడుతున్నా, ఫ్రెంచి పాలన కింద ‘ఇండియా’ పత్రికను కొంతకాలమైనా నడపగలిగారు. నేటి నిరంకుశ ప్రభుత్వాలకు ఆ మాత్రం హద్దు కూడా లేకుండా పోయింది.

సౌదీ పాత్రికేయుడు జమాల్ ఖషోగ్గీ 2018 అక్టోబరు 2న ఇస్తాంబుల్‌లోని తమ దేశ కాన్సులేట్‌కు వెళ్లింది పెళ్లికి కావలసిన ధ్రువపత్రం కోసం. రియాద్ నుంచి వచ్చిన బృందం ఆయన్ను అక్కడే చంపేసింది. ఆ క్రూరత్వం గురించి లోకమంతా మాట్లాడింది గానీ, దేశం విడిచిన మనిషి కూడా ఒక కాగితం కోసం ఆ ప్రభుత్వం గడపే తొక్కవలసి రావడం గురించి తగినంత చర్చ జరగలేదు. బెలారుస్ ఈ నిస్సహాయతనే ఆయుధం చేసుకుంది. 2023 సెప్టెంబరులో అధ్యక్షుడు లుకషెంకో ఇచ్చిన ఉత్తర్వుతో విదేశాల్లోని ఆ దేశ రాయబార కార్యాలయాలు పౌరులకు పాస్‌పోర్టులు ఇవ్వడం ఆపేశాయి. కావలసినవారు స్వదేశానికి రావలసిందే. జైలుకు వెరచి దేశం దాటిన విలేకరి ఆ పని ఎలా చేయగలడు? పోలండ్, లిథువేనియా ఇలాంటివారికి విదేశీయుల ప్రయాణ పత్రాలు ఇస్తున్నాయి. సాయుధ కాపలా కంటే ముందు అందవలసింది ఈ సాయమేనని నా అభిప్రాయం.

ఇక కుటుంబం. బీబీసీ పర్షియన్ విభాగంలో పనిచేస్తున్న, గతంలో పనిచేసిన 152 మంది స్వదేశంలో ఆస్తుల క్రయవిక్రయాలు జరపకుండా 2017లో ఇరాన్ న్యాయవ్యవస్థ నిషేధించింది. దీని బరువు నెల్లూరు పాఠకులకు ఇట్టే తెలుస్తుంది. కోవూరు పక్క ఊళ్లో తాతల నాటి మాగాణి, లండన్‌లో విలేకరిగా ఒక కొడుకు ఉన్నారనుకుందాం. తండ్రి వైద్యానికి ఎకరం అమ్ముదామంటే, ఆ కొడుకు పేరు కలిసి ఉన్నందుకు రిజిస్ట్రేషన్ ఆగిపోతుంది. అన్నదమ్ములు, మేనమామలు ఫోన్ చేసి ‘ఆ ఉద్యోగం మానెయ్ అబ్బాయా’ అని బతిమాలతారు. ఇంటివాళ్ల చేతే నోరు మూయించే పద్ధతి ఇది. అమెరికా నిధులతో ఏర్పడిన రేడియో ఫ్రీ ఆసియాలో పనిచేసిన వీగర్ (చైనాలోని ఒక ముస్లిం జాతి) విలేకరుల బంధువులను వారి సొంత ప్రాంతమైన షిన్‌జియాంగ్‌లో నిర్బంధించిన చైనా ఇంకా కఠినంగా వ్యవహరించింది.

ఇలాంటి ఒత్తిడిపై వచ్చే ఫిర్యాదును ఆశ్రయమిచ్చిన దేశం ‘అది మీ దేశపు వ్యవహారం’ అని తోసిపుచ్చకూడదు. బెదిరింపుల వల్ల 2023లో ఇరాన్ ప్రభుత్వాన్ని విమర్శించే పర్షియన్ టీవీ ఛానల్ ‘ఇరాన్ ఇంటర్నేషనల్’ తన లండన్ స్టూడియోను కొన్ని నెలలు మూసుకుంది. తిరిగి ప్రసారాలు మొదలుపెట్టాక, 2024 మార్చిలో దాని వ్యాఖ్యాత పౌరియా జెరాతీని ఇంటి బయటే కత్తితో పొడిచారు. న్యూయార్క్‌లో ఇరాన్ పాత్రికేయురాలు మసీహ్ అలీనెజాద్ హత్యకు కుట్ర పన్నిన ఇద్దరికి మాత్రం 2025లో చెరో 25 ఏళ్ల శిక్ష పడింది. పట్టుదలగా దర్యాప్తు చేస్తే కిరాయి మనుషుల దాకానైనా చట్టం చేరగలదు.

మన దేశం 1951 శరణార్థుల ఒప్పందంపై సంతకం చేయలేదు, శరణార్థులకు ప్రత్యేక చట్టమూ లేదు. పౌరులు కానివారి ప్రాణాలను కాపాడే బాధ్యత కూడా రాజ్యానిదేనని అరుణాచల్ ప్రదేశ్‌లోని చక్మా శరణార్థుల కేసులో 1996లోనే సుప్రీంకోర్టు చెప్పింది. అఫ్గానిస్థాన్, మయన్మార్‌ల నుంచి తప్పించుకు వచ్చిన విలేకరికి ఐక్యరాజ్యసమితి శరణార్థి కార్డు దొరికినా, దానికి మన చట్టంలో హామీ లేదు. చట్టం వచ్చేలోగా, తాను ఏ ప్రభుత్వానికి భయపడి వచ్చాడో దాని రాయబార కార్యాలయం నుంచే పత్రాలు తెమ్మనకుండా అతని బస గడువు పొడిగించే నిబంధననైనా కేంద్ర హోంశాఖ తీసుకురావాలి. నెల్లూరు, ఒంగోలు ఎంపీలు పార్లమెంటులో ఈ ప్రశ్న లేవనెత్తాలి.