గాజు పెట్టెలో పడుకున్న పిస్తోలు గారికి

మహారాజశ్రీ నైన్ ఎంఎం పిస్తోలు గారి సముఖానికి, టెక్సాస్ రాష్ట్రం ఫ్రిస్కో కాపురస్తుడు అనేక నమస్కారాలతో రాసుకున్న లేఖ. ఉభయకుశలోపరి.

ఇక్కడ మేమంతా క్షేమం. తమరు కూడా మెడలో ధర చీటీ వేసుకుని, గాజు కింద క్షేమంగా ఉన్నారని నాలుగు శనివారాలుగా చూస్తూనే ఉన్నాను. చూసి, చేత్తో బరువు తూచి, కొనకుండా పోతున్నానని తమకు కోపంగా ఉండొచ్చు. బట్టల కొట్లో యాభై చీరలు దింపించి "మళ్ళీ వస్తాం" అని లేచొచ్చే వంశం మాది. కాస్త ఓపిక పట్టండి.

తుపాకీ ముఖం చూడనివాణ్ణని మాత్రం అనుకోకండి. చిన్నప్పుడు దీపావళికి ఎర్ర రీలు వేసి టపటపలాడించిన రేకు తుపాకీ ఉండేది. బ్యాంకు గుమ్మంలో స్టూలు మీద కునుకు తీసే గార్డు ఒళ్ళో రెండు గొట్టాల తుపాకీ ఉండేది. మా ఊరి పెద్దాయన ఒకరికి లైసెన్సు తుపాకీ ఉండేది. ఎలక్షన్లు వచ్చినప్పుడల్లా ఆయన దాన్ని పోలీస్ స్టేషన్‌లో అప్పగించి రసీదు తెచ్చుకునేవాడు. ఆయన దాన్ని పేల్చగా ఎవరూ చూడలేదు. అప్పగించడానికి మోసుకెళ్తుంటే మాత్రం ఊరంతా చూసేది.

అమెరికా వచ్చాక కూడా మనిద్దరం పదకొండేళ్ళు ఎడంగానే ఉన్నాం. హెచ్1బీ మీద ఉన్నవాడు తమరిని ముట్టుకోకూడదని ఇక్కడి ఫెడరల్ చట్టం. ఏదో ఒక రాష్ట్రం ఇచ్చిన వేట లైసెన్సు ఉంటే మాత్రం మినహాయింపు ఉంది. కోడిగుడ్డు వాసన కూడా పడని మా మిత్రుడొకడు ఆ దారిలోనే వెళ్ళి జింకల్ని వేటాడే హక్కు సంపాదించుకున్నాడు. జింకలు క్షేమంగానే ఉన్నాయి. నేను మాత్రం గ్రీన్ కార్డు వచ్చేదాకా ఆగాను. దాని కోసం డిగ్రీలు, జీతం కాగితాలు, పెళ్ళి ఫోటోలు పట్టుకుని పదకొండేళ్ళు లైన్లో నిలబడ్డాను. తమరి కోసం 4473 అనే ఒక్క ఫారం నింపితే చాలు. మత్తుమందులు వాడతావా, పెద్ద నేరంలో శిక్ష పడిందా, ఇది నీకేనా ఇంకొకరికా అని అడుగుతుంది. ఆ తర్వాత షాపువాళ్ళు ఎఫ్‌బీఐ నడిపే తనిఖీలో నా పేరు వెతుకుతారు. 1998 నవంబరు నుంచి నడుస్తున్న ఈ తనిఖీ చాలామందికి కాఫీ చల్లారేలోపు అయిపోతుంది. పైగా 2021 సెప్టెంబరు నుంచి టెక్సాస్‌లో ఇరవై ఒకటి నిండి, చట్టం అడ్డుపడనివాళ్ళు పర్మిట్ లేకుండానే తమరిని నడుముకి పెట్టుకుని తిరగొచ్చు. కారు నడపాలంటే మాత్రం ప్యారలల్ పార్కింగ్ చేసి చూపించాలి. నేను మొదటిసారి ఫెయిలయ్యాను.

ఇన్నాళ్ళు లేని మోజు ఇప్పుడెందుకని అడుగుతారేమో. 2023 మే 6న ఆలెన్ ఔట్‌లెట్ మాల్‌లో కాల్పులు జరిగాయి. మా ఇంటికి ఇరవై నిమిషాల దూరం, పిల్లాడికి బూట్లు కొనే చోటు. ఎనిమిది మంది పోయారు. అందులో ఒకరు మన తెలంగాణ అమ్మాయి, ఇంజనీరు. ఆ రాత్రి మా వాట్సాప్ గ్రూపు నిద్రపోలేదు. తెల్లారేసరికి చేతులు జోడించిన బొమ్మలు అయిపోయి, ఏ కంపెనీ పిస్టల్ మంచిదన్న చర్చ మొదలైంది. కష్టం వస్తే ఏడవడం కంటే పోల్చి చూడటం మాకు బాగా వచ్చు.

అలా పుట్టింది నా ఎక్సెల్ షీటు. 23 వరసలు, 14 కాలమ్‌లు.

మొదటి వరస బెరెట్టా, ఇటలీ తుపాకీ కంపెనీ. 1526లో వెనిస్ ఆయుధశాలకి 185 తుపాకీ గొట్టాలు అమ్మిన లెక్క ఇంకా ఉందట. మన రాయలవారు హంపీలో కొలువు తీరి ఉన్న రోజులు. ఇంత పాత వంశం చూసి మురిసిపోయి పది మార్కులు వేశాను. ఆ తర్వాత గుర్తొచ్చింది, 1948 జనవరి 30 సాయంత్రం బిర్లా హౌస్‌లో పేలింది కూడా ఈ ఇంటి బిడ్డే, ఎం1934. ఆ వరసకి ఎర్ర రంగు పూసి కిందకి దిగాను. ఎక్సెల్‌లో అంతకంటే ఏం చెయ్యగలను?

గ్లాక్ గారిది వేరే కథ. ఆ ఆస్ట్రియా పెద్దాయన పిస్టళ్ళ కంటే ముందు కర్టెన్ రాడ్లు, కత్తులు చేసేవాడు. పదిహేడో పేటెంటు కాబట్టి మొదటి పిస్టల్‌కి గ్లాక్ 17 అని పేరు. 1982లో వాళ్ళ సైన్యం తీసేసుకుంది. దానికి బయట సేఫ్టీ మీట ఉండదు, ట్రిగ్గర్‌లోనే ఒక చిన్న నాలుక ఉంటుంది. అది చాలని ఒక వర్గం, చాలదని ఒక వర్గం. వాళ్ళ కొట్లాట ముందు మన హీరోల అభిమానులు సాధువులు.

సిగ్ అనే సంస్థ 1853లో రైలు పెట్టెలు చెయ్యడానికి పుట్టింది. వాళ్ళ పీ365 పిస్టల్‌ని ఏడాదికి 365 రోజులూ దగ్గర పెట్టుకోవచ్చని ఆ పేరట. లీపు సంవత్సరం ఫిబ్రవరి 29న ఏం చెయ్యాలో ఎక్కడా రాయలేదు. స్మిత్ అండ్ వెసన్ వారి ఎం అండ్ పీ అంటే మిలిటరీ అండ్ పోలీస్. నేను ఆ రెండూ కాదు, సాఫ్ట్‌వేర్‌లో తప్పులు వెతికే క్యూఏ లీడ్‌ని. స్ప్రింగ్‌ఫీల్డ్ ఆర్మరీ అని చూసి, ఇది పక్కా అమెరికా సరుకని గంతేశాను. ఆ పేరున్న సర్కారు కార్ఖానా 1968లోనే మూతపడిందట. తర్వాత ఒక ప్రైవేటు కంపెనీ ఆ పేరు పెట్టుకుంది, దాని హెల్‌క్యాట్ పిస్టల్ క్రొయేషియాలో తయారవుతుంది. "మాకెక్కడా బ్రాంచీలు లేవు" అన్న బోర్డు కింద మనం ఎన్నిసార్లు స్వీట్లు కొనలేదు!

సరే, వంశాలు చూడటం అయింది. తమరిని అద్దెకి తీసుకుని రేంజ్‌లో, అంటే గురి చూసి కాల్చడం నేర్చుకునే చోట, కాల్చి చూద్దామని నేనూ మా ఆవిడా బయల్దేరాం. "చిన్నది తీసుకో, నీ చేతికి సరిపోతుంది" అని తనకి సలహా ఇచ్చాను. ట్రైనర్ నవ్వాడు. పిస్టల్ ఎంత చిన్నదైతే చేతిని అంత గట్టిగా తంతుంది, బరువే ఆ తన్నుని మింగేది, కొత్తవాళ్ళకి మధ్యస్థంగా ఉన్నదే మేలని చెప్పాడు. మా ఆవిడ పెద్దది తీసుకుని, కాగితం మనిషి గుండెలో వరసగా అయిదు దింపి, "ఏవండీ, ఇంకో బాక్స్ తెప్పిస్తారా?" అంది. ఆ రోజు నుంచి ఇంట్లో కూరలో ఉప్పు గురించి నేను మాట్లాడటం లేదు.

నా వంతు వచ్చింది. రెండో గుండుకే ఎగిరిన ఖాళీ తూటా కాలుతూ వచ్చి నా చొక్కా కాలర్లో పడింది. పొయ్యి మీది పెనం వీపుకి అంటుకున్నట్టయింది. "అమ్మో" అని గంతేస్తూ వెనక్కి తిరిగాను, తమరు నా చేతిలోనే ఉన్నారు. తమరి మూతి మా ఆవిడ వైపు తిరగబోతుంటే ట్రైనర్ నా మణికట్టు పట్టుకుని గోడ వైపు తిప్పేశాడు. అరవలేదు, తిట్టలేదు. చెయ్యి మాత్రం చాలాసేపు వదల్లేదు. ఇంటికొచ్చేదాకా కార్లో ఎవరం మాట్లాడలేదు. 14 కాలమ్‌లలో "వీపు కాలితే" అన్న కాలమ్ ఒకటి పెట్టుకోవాల్సింది.

ఆదివారం అమ్మ ఫోన్ చేసింది. నోరు జారి చెప్పేశాను.

"ఎవరితోరా గొడవ నీకు?"

"ఎవరితోనూ లేదమ్మా. రక్షణకి."

"అదే, ఎవర్నుంచి?"

బెరెట్టా వయసు చెప్పమంటే చెప్పగలను, ట్రిగ్గర్ ఎన్ని పౌన్లకి కదులుతుందో చెప్పగలను. "అమ్మా, సిగ్నల్ సరిగ్గా లేదు" అన్నాను. ఆలెన్‌లో ఆ రోజు కాల్పులు జరిపినవాణ్ణి ఆపింది వేరే పని మీద మాల్‌కి వచ్చిన ఒక పోలీసాఫీసరు. చేతిలో బూట్ల సంచీతో, రెండు గుండ్ల అనుభవంతో నేనక్కడ ఉండుంటే తమరిని ఎటు తిప్పేవాణ్ణో ఆ ట్రైనర్‌ని అడగండి.

ఆ రాత్రి నిద్ర పట్టక ఇంకో లెక్క చూశాను. 2021లో ఈ దేశంలో తుపాకులతో పోయినవాళ్ళు 48,830 మంది. అందులో 26,328 మంది దాన్ని తమవైపే తిప్పుకున్నవాళ్ళు. మా ఇంట్లో పదిహేనేళ్ళ పిల్లాడున్నాడు. ఈ మధ్య తలుపు వేసుకుని కూర్చుంటాడు, అడిగితే "ఏం లేదు" అంటాడు. ఆ వయసులో నేనూ అదే అన్నాను. మా తలుపు వెనకాల రేకు తుపాకీ కూడా ఉండేది కాదు.

అందుకని సేఫ్ ముందు కొన్నాను, తమరిని తర్వాత చూద్దామని. పాండవులకి ఈ తెలివి అప్పుడే ఉంది. అజ్ఞాతవాసానికి పోతూ ఆయుధాలన్నీ మూటగట్టి జమ్మిచెట్టెక్కించి, "నూట ఎనభై ఏళ్ళ మా అమ్మ శవం" అని చెప్పారు. ఎవడూ దగ్గరకి రాలేదు. నా సేఫ్‌కి నాలుగంకెల కోడ్ ఉంది, బ్యాటరీ ఉంది, అయిదేళ్ళ వారంటీ ఉంది, శవం మాత్రం లేదు. ఇప్పటికి అందులో పాస్‌పోర్టులు, మా ఆవిడ గాజులు పెట్టాం. తమరికి కాస్త చోటు మిగిలే ఉంది.

శనివారం దర్శనం చేసుకుంటాను. కొంటానని మాటివ్వలేను.

ఇట్లు,
23 వరసల ఎక్సెల్ షీటు యజమాని

తా.క.: ఈ ఉత్తరం కవరులో పెడుతుండగా మావాడు స్కూల్ పని కోసం పాస్‌పోర్టు పట్టుకుని మేడ దిగాడు. సేఫ్ ఎలా తెరిచావురా అన్నాను. "కోడ్ నీ పుట్టినరోజేగా నాన్నా" అని ఫ్రిజ్ దగ్గరికి వెళ్ళిపోయాడు.