కాళ్లు వాచేదాకా ఆగాలా?

విశాఖ కంచరపాలెం కొండవాలు ఇళ్లకు మెట్లే దారి. పోర్టులో ఏళ్ల తరబడి మోత పనిచేసి ఇంటిపట్టున కూర్చున్న పెద్దాయన పదో మెట్టు దగ్గర ఆగిపోతాడు. గోడ పట్టుకుని, పెదాలు సున్నాలా చుట్టి గాలి వదిలి, మళ్లీ కదులుతాడు. ఆయాసం మామూలేగా అంటాడు. సాయంత్రానికి పాదాలు ఉబ్బుతాయి. చీలమండ పైన వేలితో నొక్కితే గుంట పడి కాసేపు అలాగే ఉండిపోతుంది. నీరు పట్టిందని ఇంట్లో ఉప్పు తగ్గిస్తారు, అంతే. కాళ్ల వాపుకు మూత్రపిండాలో, కాలేయమో కూడా కారణం కావచ్చు. కానీ ఏళ్లుగా రొప్పే మనిషిలో ముందు అనుమానించాల్సింది గుండెను.

ఆ రొప్పుకు పేరు చాలాసార్లు సీవోపీడీ, అంటే ఊపిరితిత్తుల్లో గాలిదారులు ఇరుకైపోయే దీర్ఘకాలిక జబ్బు. అది ముదిరితే ఊపిరితిత్తుల్లో గాలి అందనిచోట రక్తనాళాలు ముడుచుకుంటాయి. వాటిలోకి రక్తాన్ని నెట్టీ నెట్టీ గుండె కుడివైపు అలసిపోతుంది, కాళ్లలో నీరు దిగుతుంది. ఇది కంటికి కనబడే దారి. రెండోది దొంగదారి: ఊపిరితిత్తుల్లో పొగ రగిల్చిన వాపు రక్తంలోకి పాకి గుండె నాళాల పూడికలకూ ఊతమిస్తుంది. ఈ రోగులకు గుండెజబ్బు ముప్పు ఇతరులకంటే 2, 3 రెట్లు ఎక్కువ. కఫం, ఆయాసం ముదిరి ఆసుపత్రిలో చేరి ఇంటికొచ్చిన తొలి నెల మరీ గండం. సరిగ్గా అప్పుడే, తగ్గింది కదా అని మందులు అటకెక్కిస్తాం.

మన ఊళ్లో తప్పంతా సిగరెట్‌దే అంటే కుదరదు. పొద్దున తుడిచిన బాల్కనీలో సాయంత్రానికి నల్లదుమ్ము ఎలా పేరుకుంటుందో విశాఖ పాతనగరం ఇల్లాళ్లకు ఒకరు చెప్పాలా? చుట్టూ కొండలు, చలికాలం తెల్లవారుజామున పొగ కదలదు. 2019లో కేంద్రం మొదలుపెట్టిన జాతీయ స్వచ్ఛ వాయు కార్యక్రమంలో, గాలి ప్రమాణాలు అందుకోని నగరాల జాబితాలో విశాఖ ఊరికే చేరలేదు. ఇక నిప్పుకొస నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగే ఉత్తరాంధ్ర అవ్వలు, గొట్టంతో ఊది కట్టెలపొయ్యి రాజేసిన అమ్మలు ఉన్నారు. పొగ అలవాటుందా అని వాళ్లనెవరూ అడగరు.

చేయాల్సింది కొండంత పనేమీ కాదు. సీవోపీడీ రోగికి బీపీ, షుగర్, ఈసీజీ చూడాలి. పాదాల్లో నీరుంటే ఎకో, అంటే గుండె స్కానింగ్ తీయాలి. ఆయాసంతో గుండె ఓపీకి వచ్చినవారికి స్పైరోమెట్రీ, అంటే ఊదే పరీక్ష చేయాలి. ఇప్పుడేమో చాలాచోట్ల గుండెకో చీటీ, ఊపిరికో చీటీ. ఒకరు రాసింది ఇంకొకరి కంటపడదు. గుండెపోటు వచ్చినవారికి సైతం, ఊపిరితిత్తులకు చేటని, గుండె వేగం తగ్గించే బీటా బ్లాకర్ మందులు ఆపేసే పాత భయం ఇంకా పోలేదు. గుండె మీదే ప్రధానంగా పనిచేసే రకాలను సీవోపీడీ ఉన్నవారిలో చాలామందికి ఇవ్వవచ్చు. ఉబ్బసం సంగతి వేరు. ఇన్‌హేలర్ అలవాటైపోతుందని భయపడేవారు మందులషాపులో ఆయాసానికని అడిగి కొనుక్కునే థియోఫిలిన్ బిళ్లలు గుండెదడ తేగలవని గ్రహించరు.

ఏటా నవంబరు మూడో బుధవారం ప్రపంచ సీవోపీడీ దినం. ఆరోజు బీచ్‌రోడ్డులో బ్యానర్లు పట్టుకుని నడిచే ఓపిక ఉన్న అధికారులను మేం కోరేది ఒక్కటే: పట్టణ ఆరోగ్య కేంద్రాల్లో ఓ కుర్చీ వేసి, ఆయాసపడే పెద్దవాళ్లను కూర్చోబెట్టి, పాదాలు నొక్కి చూడండి.