హైవే ఫేసింగ్

మా ఊరి పక్కన కొత్త వెంచర్ వేశారు. మొన్న ఊరెళ్లినప్పుడు చూశాను. పత్తి చేలు చదును చేసి, రంగురంగుల జెండాలు పాతి, ముందు పెద్ద ఆర్చి కట్టారు. బోర్డు మీద అన్నిటికన్నా పెద్ద అక్షరాల్లో రెండే మాటలు: హైవే ఫేసింగ్. ఆ మాటకి గజానికి రేటు ఎంత పెరుగుతుందో అమ్మేవాళ్లకి తెలుసు. ఆ మాటకి మా ఇంట్లో మేం ఎంత కట్టామో చెప్పాలని ఈ పోస్ట్ రాస్తున్నాను. పెద్దదే అయింది, ఓపిగ్గా చదవండి.

మాది నందిగామకి, జగ్గయ్యపేటకి మధ్య 65వ నంబరు జాతీయ రహదారి పక్కనున్న ఊరు. ఇళ్లన్నీ రోడ్డుకి ఒక పక్క, పొలాలు ఇంకో పక్క. నా చిన్నప్పుడు అది రెండు లైన్ల రోడ్డు. ఎడ్లబళ్లు దాటేవి, గేదెలు దాటేవి, మేమూ దాటేవాళ్లం. 2012 ప్రాంతంలో నాలుగు లైన్లయింది, మధ్యలో డివైడర్ వచ్చింది. అప్పట్నుంచి పొలం వెళ్లాలంటే రెండు కిలోమీటర్ల అవతలున్న అండర్‌పాస్ దాకా పోయి, చుట్టి రావాలి. కొన్నాళ్లకి రోడ్డు పక్కన ఒక ధాబా వెలిసింది. ఒకరోజు తెల్లారేసరికి దానికి ఎదురుగా డివైడర్‌లో కటింగ్ కనిపించింది. ఎవరు ఇమ్మన్నారో, ఎవరు తవ్వారో ఇప్పటికీ ఎవరూ చెప్పరు. ధాబాకి అవతలి వైపు బళ్లు కూడా రావడం మొదలైంది. మా వాళ్లకి పొలం దగ్గరైంది. ఊరంతా సంతోషించింది, నేను కూడా.

ఆ కటింగ్ వల్లే మా బాబాయి పోయాడు. సంక్రాంతికి రెండు రోజుల ముందు, పొద్దున్నే, టీవీఎస్ మోపెడ్ మీద వెనకాల పచ్చిగడ్డి మోపు కట్టుకుని ఇంటికొస్తున్నాడు. హైదరాబాద్ నుంచి పండక్కి సొంతూరు వెళ్తున్న ఒక కుర్రాడి కారు కొట్టింది. ఆ కుర్రాడు తాగి లేడు, ఫోన్ మాట్లాడటం లేదు, మరీ స్పీడు మీద కూడా లేడు. బాబాయి ఆసుపత్రిలో మూడు రోజులుండి పోయాడు. దినం రోజున ఆ కుర్రాడు వాళ్ల నాన్నతో కలిసి వచ్చి మా పిన్ని ముందు నేల మీద కూర్చుని ఏడ్చాడు. వచ్చినవాళ్లలో సగం మంది "డ్రైవింగ్ సరిగా రానోడికి కారెందుకు" అన్నారు. మిగతా సగం "పెద్దాయన చూసుకుని దాటాల్సింది" అన్నారు. ఏడాది పాటు నేను మొదటి సగంలో ఉన్నాను.

తర్వాత ఒకసారి ఊరెళ్లినప్పుడు బాబాయి మోపెడే తీసుకుని ఆ కటింగ్‌లో నిలబడ్డాను. డివైడర్ నిండా గన్నేరు మొక్కలు, నా ఛాతీ ఎత్తున. మోపెడ్ మీద కూర్చుంటే సరిగ్గా కళ్లకి అడ్డం. వచ్చే బండి కనపడాలంటే ముందు చక్రం లైన్‌లోకి తోయాలి. తొయ్యకుండా వెనక్కి జరుగుదామంటే డివైడర్ వెడల్పు చాలదు, వెనకాల గడ్డిమోపు రెండో వైపు రోడ్డు మీదికి పొడుచుకొస్తుంది. అంటే అక్కడ ఆగినవాడు ముందైనా, వెనకైనా ఏదో ఒక పక్క లారీల దారిలోనే ఉంటాడు. బరువుతో ఉన్న మోపెడ్ ఆగిన చోటు నుంచి కదిలి రెండు లైన్లు దాటడానికి ఎంతసేపు పడుతుందో వాచీ పెట్టి చూశాను. 5 సెకన్లు. గంటకి 100 కిలోమీటర్ల వేగంతో వచ్చే కారు ఆ 5 సెకన్లలో దాదాపు 140 మీటర్లు వచ్చేస్తుంది. ఆ గన్నేరు మొక్కల వెనక నుంచి 140 మీటర్లు ఎవరికీ కనపడవు. బాబాయికి కనపడలేదు, ఆ కుర్రాడికీ కనపడలేదు. ఆ రోజుతో ఆ కుర్రాడి మీద నా కోపం పోయింది. కోపం ఎక్కడ పెట్టుకోవాలో తెలుసుకోవడానికి రోడ్ల గురించి చదవడం మొదలుపెట్టాను.

ఇంజనీర్లు దీన్ని యాక్సెస్ మేనేజ్‌మెంట్ అంటారు. రోడ్డెక్కే చోట్లు ఎక్కడ ఉండాలి, ఎన్ని ఉండాలి, ఎవరికి ఇవ్వాలి, ఎవరికి ఇవ్వకూడదు అనే లెక్క అది. దాని వెనక ఉన్న ఆలోచన మా ఊళ్లో ఎవరికి చెప్పినా అర్థమవుతుంది. దూరం పోయే రోడ్డు వేరు, గడప ముందుకి తీసుకొచ్చే రోడ్డు వేరు. ఒకే రోడ్డు చేత రెండు పనులూ చేయిస్తే మనుషులు చస్తారు. నాలుగు రోడ్లు కలిసే మామూలు కూడలిలో బండి దారి ఇంకో బండి దారిని తాకే చోట్లు 32 ఉంటాయి. మూడు రోడ్ల కూడలిలో 9. నాలుగు రోడ్లు కలిసే చోటే చిన్న రౌండ్‌అబౌట్, అంటే మధ్యలో దిమ్మె చుట్టూ బళ్లు తిరిగిపోయే కూడలి, కడితే 8. ఇక డివైడర్ తెగకుండా, ఎడమ వైపు నుంచి ఎక్కి ఎడమ వైపే దిగే దారి అయితే కలిసే చోటొకటి, విడిపోయే చోటొకటి, అంతే. మన దగ్గర అసలు గండం కుడివైపు తిరగడంలో ఉంది. ప్రతి కటింగ్ ఆ గండాన్ని కొత్తగా ఇంకోచోట నాటడమే.

బ్రిటన్ వాళ్లకి ఈ సంగతి 90 ఏళ్ల కిందటే తెలిసొచ్చింది. రెండు యుద్ధాల మధ్య అక్కడా ఇలాగే ఊళ్ల నుంచి బయటికి పోయే రోడ్ల పొడవునా రిబ్బన్ లాగా ఇళ్లు, కొట్లు కట్టుకుంటూ పోయారు. 1935లో ఏకంగా రిబ్బన్ డెవలప్‌మెంట్‌ని అడ్డుకునే చట్టమే తెచ్చారు. ముఖ్యమైన రోడ్డు మధ్య నుంచి 220 అడుగుల లోపు ఏది కట్టాలన్నా, ఆ రోడ్డు మీదికి కొత్తగా దారి తీయాలన్నా రోడ్ల శాఖ అనుమతి ఉండాలన్నారు. మన వెంచర్ల ఆర్చీలు ఆ 220 అడుగుల లోపలే కదా ఉండేది.

స్వీడన్ కథ నాకు ఇంకా నచ్చింది, ఎందుకంటే వాళ్లు తక్కువ ఖర్చుతో చేశారు. 1997లో అక్కడి పార్లమెంటు విజన్ జీరో తీర్మానం చేసింది. రోడ్డు మీద ఎవరూ చావకూడదు, తీవ్రంగా గాయపడకూడదు, మనిషి పొరపాటు చేస్తాడు కాబట్టి ఆ పొరపాటుకి ప్రాణం పోకుండా రోడ్డు కట్టాలి అన్నారు. మరుసటి ఏడాది యెవ్లే అనే ఊరి దగ్గర ఉన్న రోడ్డునే మూడు లైన్లు చేసి, మధ్యలో ఇనుప తాళ్ల డివైడర్ వేశారు. కొంత దూరం ఇటు వైపు రెండు లైన్లు, కొంత దూరం అటు వైపు రెండు. తర్వాత దేశమంతా ఆ పద్ధతి పెట్టారు. అలాంటి రోడ్ల మీద చావులు దాదాపు 80 శాతం తగ్గాయి. తాళ్లు అడ్డం రావడంతో పొలాల దారులు, ఇళ్ల దారులు ఎక్కడపడితే అక్కడ రోడ్డెక్కడం కుదరలేదు. వాటిని కలిపి, అక్కడక్కడా సరైన చోట తిరగడానికి వీలు కల్పించారు. కోటి పైచిలుకు జనాభా ఉన్న ఆ దేశంలో ఇప్పుడు ఏడాదికి రోడ్డు మీద పోయేవాళ్లు రెండు వందల చిల్లర.

"వాళ్లకి క్రమశిక్షణ ఉంది, మనవాళ్లకి సెన్స్ లేదు" అని కామెంట్ పెట్టబోయేవాళ్లు నెదర్లాండ్స్ సంగతి వినండి. 1971లో అక్కడ రోడ్ల మీద 3,300 మంది చనిపోయారు. అందులో పిల్లలు 400 మందికి పైనే. తల్లిదండ్రులు పిల్లల్ని వెంటబెట్టుకుని వీధుల్లోకొచ్చారు. "పిల్లల హత్యలు ఆపండి" అన్నది వాళ్ల నినాదం. ప్రమాదాలు అనలేదు, హత్యలు అన్నారు. 90ల నాటికి దేశం మొత్తం రోడ్లని మూడు రకాలుగా విడగొట్టే విధానం వచ్చింది: వేగంగా పోయేవి, ఊళ్లని కలిపేవి, గడప దాకా వచ్చేవి. 80 కిలోమీటర్ల వేగంతో కార్లు పోయే రోడ్డు పక్కనే చాలాచోట్ల ఒక చిన్న రోడ్డు సమాంతరంగా పోతుంది. ట్రాక్టర్లు, సైకిళ్లు, ఇళ్ల గేట్లు, పొలం దారులు అన్నీ దాని మీదికే. ఆ చిన్న రోడ్డు పెద్ద రోడ్డుని ఎక్కడపడితే అక్కడ కలవదు, ఎక్కువగా రౌండ్‌అబౌట్ దగ్గరే కలుస్తుంది. అప్పటికంటే జనాభా పెరిగినా, ఇప్పుడు అక్కడ ఏడాదికి చనిపోయేవాళ్లు ఏడు వందలకి అటూ ఇటూ. రోడ్డు అలా మారాకే అక్కడి రైతు ట్రాక్టర్ పెద్ద రోడ్డు ఎక్కడం మానింది.

డబ్బున్న దేశాలన్నీ బాగున్నాయని కూడా కాదు. అమెరికాలో 2022లో 42,500 మందికి పైగా రోడ్ల మీద పోయారు. డాలస్ చుట్టుపక్కల ఉండే మనవాళ్లని అడగండి. ఆరు లైన్ల రోడ్డు, రెండు పక్కలా బర్గర్ షాపు, బ్యాంకు, టైర్ల షాపు, ఒక్కోదానికి ఒక్కో దారి. షాపుల, ఇళ్ల గేట్లు తెరుచుకోని ఇంటర్‌స్టేట్ల (రాష్ట్రాల మధ్య పోయే పెద్ద హైవేలు) కన్నా ఊరి మధ్య నుంచి పోయే ఇలాంటి రోడ్లే, బళ్లు తిరిగిన మైళ్ల లెక్కన, ఎక్కువమందిని చంపుతాయి. కొలరాడో రాష్ట్రం 1981లోనే దీనికి నిబంధనలు రాసుకుంది. ఏ రకం రోడ్డు మీద ఎంత దూరానికి ఒక దారి ఇవ్వాలో అందులో ఉంది. ఇప్పటికీ అక్కడ ఎక్కడైనా మధ్యలో డివైడర్ కడతామంటే షాపులవాళ్లు వ్యాపారం పోతుందని గోల చేస్తారు. మా ధాబా ఓనరు భాష అచ్చం అదే.

మన దగ్గర చట్టం లేదా? ఉంది. 2002 నాటి జాతీయ రహదారుల నియంత్రణ చట్టం ప్రకారం అనుమతి లేకుండా హైవే ఎక్కే హక్కు ఎవరికీ లేదు, వాహనం మీద గానీ, ఐదుగురో అంతకన్నా ఎక్కువ మందో గుంపుగా నడిచి గానీ. మొదటిసారి చదివినప్పుడు నమ్మలేకపోయాను. చట్టం ఇంత గట్టిగా ఉన్న దేశంలో ప్రతి ఫంక్షన్ హాలుకి, ప్రతి పెట్రోల్ బంకుకి, ప్రతి కాలేజీకి ఎదురుగా కటింగ్ ఉంటుంది. 2022లో మన దేశంలో రోడ్ల మీద 1,68,491 మంది చనిపోయారు. అందులో 61,038 మంది జాతీయ రహదారుల మీద, ఎక్స్‌ప్రెస్‌వేల మీద. మొత్తం రోడ్ల పొడవులో ఇవి 2 శాతం మాత్రమే.

అలాగని కటింగులన్నీ మూసేసి చేతులు దులుపుకుంటే సరిపోతుందా అంటే, పెద్దకుంట తండా గురించి చదవండి. హైదరాబాద్ నుంచి కర్నూలు పోయే 44వ నంబరు హైవే బైపాస్ ఆ తండాని అవతలి వైపు నుంచి విడదీసింది. పనుల కోసం, ఆఫీసుల కోసం రోడ్డు దాటబోయి మగవాళ్లు ఒకరి తర్వాత ఒకరు పోయారు. హైవే వితంతువుల ఊరు అని పేపర్లలో వచ్చింది. సర్వీస్ రోడ్డు ఇవ్వకుండా, అండర్‌పాస్ ఇవ్వకుండా, రోడ్డుని గోడలాగా అడ్డం కడితే జరిగేది అదే. ఆకలేసినవాడు గోడ దూకుతాడు. దాన్ని రాంగ్ రూట్ అని తిట్టి చలానా రాస్తే ఏం లాభం? ఫుట్‌ఓవర్‌బ్రిడ్జి కట్టాం కదా అంటారు. నెత్తిన గడ్డిమోపు, మోకాళ్ల నొప్పులు ఉన్న ఆడమనిషి అన్ని మెట్లు ఎక్కి దిగుతుందా? కట్టించినవాళ్లు ఒక్కరోజు ఎక్కి చూడాలి.

మనవల్ల కాదనేవాళ్లు హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు చూడండి. 158 కిలోమీటర్లు, మెయిన్ రోడ్డుకి రెండు పక్కలా సర్వీస్ రోడ్లు. ఎక్కేచోట్లు, దిగేచోట్లు లెక్కపెట్టి ఇచ్చారు. మెయిన్ రోడ్డు మీదికి బైకులు, ఆటోలు రానివ్వరు. అక్కడా ప్రమాదాలు అవుతున్నాయి, అతివేగం వల్ల, ఆగి ఉన్న లారీల వల్ల. కానీ గడ్డిమోపుతో కుడివైపు తిరగబోయిన రైతుని కారు కొట్టే ప్రమాదం అక్కడ జరగడానికి చోటే లేదు. బెంగళూరు-మైసూరు రోడ్డు మీద కూడా 2023 ఆగస్టు నుంచి బైకులు, ఆటోలు, ట్రాక్టర్లని సర్వీస్ రోడ్డుకి మళ్లించారు, కెమెరాలూ పెట్టారు. చావులు తగ్గాయని అక్కడి పోలీసులే చెప్పారు. కార్లలో పోయేవాళ్ల కోసం చేసిన ఆ ఏర్పాటు పల్లెటూళ్ల ముందు నుంచి పోయే మామూలు హైవేలకి ఎందుకు అందదు?

మా ఊరికి కావాల్సింది చాలా చిన్నది. ఇప్పుడున్న అండర్‌పాస్‌లో వానాకాలం మోకాళ్ల లోతు నీళ్లు నిలుస్తాయి, అది పోయే కాలవ తవ్వాలి. అక్కడి నుంచి మా ఊరి దాకా రెండు పక్కలా ట్రాక్టర్ పట్టే సర్వీస్ రోడ్డు వెయ్యాలి. అవి రెండూ అయ్యాకే కటింగ్ మూయాలి, ముందు కాదు. ధాబా, బంకు, వెంచర్ అన్నీ ఆ సర్వీస్ రోడ్డు మీదికే తెరుచుకోవాలి.

మొన్న ఆర్చి దగ్గర బండి ఆపి దిగాను. ఎదురుగా డివైడర్ రాళ్ల మీద సున్నంతో రెండు గీతలు గీసి ఉన్నాయి, మధ్యలో ఒక కారు పట్టేంత ఖాళీ. రెండు గీతల మధ్య గన్నేరు మొక్కలు అప్పుడే నరికేశారు. ఫోటో తీసి, పైన చెప్పినవన్నీ అడుగుతూ రాసిన అర్జీకి జత చేశాను. ఆదివారం పొద్దున 9 గంటలకి పంచాయతీ ఆఫీసు అరుగు మీద ఉంటాను. చుట్టుపక్కల ఊళ్లవాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే వచ్చి సంతకం పెట్టండి. మొదటి సంతకం మా పిన్ని పెట్టింది. పెట్టేసి, పొలానికి టైమవుతోందని ఆ పాత కటింగ్ వైపే నడుచుకుంటూ వెళ్లింది.