కారు కన్నా ముందు బోల్టు

ఫోక్స్‌వ్యాగన్ పేరెత్తితే ఉత్తరాంధ్రలో నలభై దాటినవాళ్లు ఇప్పటికీ చేదుగా నవ్వుతారు. 2005లో విశాఖకు వస్తుందని ఊరించిన ఆ కార్ల ఫ్యాక్టరీ చివరకు పుణె దగ్గరి చకన్‌కు పోయింది. మధ్యలో ఊరూపేరూ లేని ఒక కంపెనీకి రాష్ట్ర ప్రభుత్వం కోట్లు కట్టడం, సీబీఐ దర్యాప్తు మిగిలాయి. అయినా శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో పరిశ్రమల మాటొస్తే నాయకుల నోట ఇప్పటికీ పెద్ద పేర్లే వినబడతాయి. విడిభాగాల సంగతి ఎవరూ అడగరు.

అడగాల్సింది అదే. ఆ పరిశ్రమల సంఘం ఆక్మా లెక్క ప్రకారం 2024-25లో దేశంలో వాహన విడిభాగాల టర్నోవర్ రూ.6.73 లక్షల కోట్లు. ఇందులో చాలా సొమ్ము హరియాణా, పుణె, చెన్నై చుట్టూనే తిరుగుతోంది.

చెన్నైకి హ్యుందాయ్ వచ్చింది 1996లో. అంతకు ముప్పై ఏళ్ల ముందే చెన్నై శివారు పాడిలో సుందరం ఫాస్టెనర్స్ నట్లు, బోల్టులు చేయడం మొదలుపెట్టింది. పక్కనే అంబత్తూరు షెడ్లలో లేతు మీద చేయి తిరిగిన పనివాళ్లు తయారై ఉన్నారు. పెద్ద కంపెనీ కన్ను అటు పడిందంటే ఆశ్చర్యం ఏముంది? మన పెనుకొండలో జరిగింది వేరు. కియా వస్తూ వస్తూ కొరియా సరఫరాదారులనూ వెంటబెట్టుకొచ్చింది. మంచిదే, కానీ ఆ అదృష్టం అన్ని జిల్లాలకూ పట్టదు.

మరి మన దగ్గర ఏముంది? విశాఖ ఉక్కు కర్మాగారం కారు బాడీకి కావలసిన పలచటి రేకు చేయదు. చేసేది కడ్డీలు, రౌండ్లు, వైర్ రాడ్. దీన్ని లోటుగా చెబుతారు గానీ బోల్టు, స్ప్రింగు, గేరు, యాక్సిల్ అన్నీ పుట్టేది ఆ కడ్డీ నుంచి, ఆ తీగ నుంచే (సరైన గ్రేడు కావాలి, ఆ మాట వేరు). ఉక్కులో కలిపే ఫెర్రో అల్లాయ్స్ మన గరివిడి, బొబ్బిలిలోనే తయారవుతాయి. కరెంటు భారం పెరిగినప్పుడల్లా ఆ ఫర్నేసులు చల్లారడమూ చూస్తున్నాం. జాతీయ రహదారి 16 రెండు జిల్లాల గుండా పోతోంది, విశాఖ రేవు దగ్గరే. రేకు పనుల కోసం పాకులాడకుండా ఫోర్జింగ్ (కాల్చిన ఉక్కును కొట్టి ఆకారం తేవడం), ఫాస్టెనర్ల (నట్లు, బోల్టులు) మీద దృష్టి పెట్టడం తెలివైన పని. ఎలక్ట్రిక్ బండ్ల రాకతో పిస్టన్, సైలెన్సర్ చేసేవాళ్లకు టెన్షన్ పట్టుకుంది. బ్రేకు, సస్పెన్షన్, బోల్టు మాత్రం బ్యాటరీ బండికీ తప్పవు. అయితే ఎగుమతుల మీదే ఆశలు పెట్టుకుంటే కష్టం. మన విడిభాగాలు ఎక్కువగా కొనే అమెరికా 2025లో వాటిపై 25 శాతం సుంకం వేసింది.

అసలు ఇబ్బంది స్థలం దగ్గర లేదు. ఉక్కుకు ఆకారమిచ్చే అచ్చు, అంటే డై, అరిగితే ఆ రోజే సరిచేసే టూల్ రూమ్ కావాలి. ఒక పూట సరుకు ఆలస్యమైతే అవతల బండ్ల ఫ్యాక్టరీలో లైను ఆగిపోతుంది, ఆ నష్టం చిన్న యూనిట్ నెత్తిన పడుతుంది. అనకాపల్లి జిల్లా పూడిలో ఎంఎస్ఎంఈ (సూక్ష్మ, చిన్న, మధ్యతరహా పరిశ్రమల) టెక్నాలజీ సెంటర్ ఉంది. బొబ్బిలి నుంచి అక్కడికి పోయి రావడానికే రోజు గడుస్తుంది. ఇక బిల్లుల సంగతి. సరుకు తీసుకున్న 45 రోజుల్లోపు చిన్న సంస్థకు డబ్బు కట్టాలని 2006 నాటి ఎంఎస్ఎంఈ చట్టం చెబుతోంది. చట్టం చూపించి అడిగితే తర్వాతి ఆర్డరు ఉండదన్న భయంతో నోరు మెదపనివారే ఎక్కువ.

పనివాళ్లకు కొరత లేదు. మన ఐటీఐ, డిప్లొమా కుర్రాళ్లు శ్రీసిటీ, శ్రీపెరుంబుదూరు లైన్ల మీద ట్రైనీలుగా చేసి, గడువు తీరాక ఇంటికొస్తున్నారు. అలాగని చౌకగా మనుషులు దొరుకుతారని చెప్పి పరిశ్రమలను పిలవడం మాకు సమ్మతం కాదు. రేకును నొక్కి ఆకారం తెచ్చే హరియాణా ప్రెస్ షాపుల్లో రక్షణ సెన్సర్ లేని మిషన్ల కింద వేళ్లు పోగొట్టుకున్నది వలస వెళ్లిన కాంట్రాక్టు కార్మికులే.

ప్రతి నియోజకవర్గానికీ ఒక ఎంఎస్ఎంఈ పార్కు అని ప్రభుత్వం ప్రకటించింది. బొబ్బిలి, రాజాం, రణస్థలం వైపు వచ్చేవాటిలో ఒక్కటైనా ఫోర్జింగ్, మెషినింగ్ యూనిట్లకే కేటాయించాలి. అందులో టూల్ రూమ్ ముందు కట్టి, ప్లాట్లు ఆ తర్వాత పంచాలి. ప్లాటు తీసుకుని రెండేళ్లయినా షెడ్డు వేయనివాళ్ల నుంచి, వాళ్లు ఏ పార్టీ వారైనా సరే, వెనక్కి తీసుకోవాలి.