మల్టీమీటర్‌ను నిషేధించాలి

ఇంజిన్ లైటు వెలిగింది. స్కానర్ పెడితే పీ0118 అనే లోపం కోడ్ వచ్చింది, అంటే కూలెంట్ (ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవం) టెంపరేచర్ సెన్సర్ సర్క్యూట్, హై ఇన్‌పుట్. ఇక విచారణ దేనికి? కోడ్‌లో సెన్సర్ పేరుంది కాబట్టి సెన్సర్ మార్చేయాలి. కొత్తది వేసినా అదే కోడ్ వస్తే థర్మోస్టాట్ మార్చాలి. అదీ కాకపోతే ఇంజిన్‌ను నడిపించే కంప్యూటర్, అంటే ఈసీయూ. బిల్లు పెరిగేకొద్దీ యజమానికి కారు మీద మమకారమూ పెరుగుతుంది.

ఈ సంప్రదాయాన్ని చెడగొడుతున్నది వోల్టేజీ, రెసిస్టెన్స్ కొలిచే మల్టీమీటర్ పట్టుకు తిరిగేవాళ్లు. కోడ్‌లో మనం చదవని 'సర్క్యూట్' అన్న మాటే వాళ్లకు పట్టింపు. అందులో సెన్సరుతో పాటు కనెక్టరూ, రెండు వైర్లూ, ఈసీయూ కూడా ఉంటాయట! లైవ్ డేటాలో కూలెంట్ మైనస్ 40 డిగ్రీలు చూపిస్తే నమ్మరు. (సెల్సియస్‌లో అడిగినా ఫారెన్‌హీట్‌లో అడిగినా మైనస్ 40యే. అబద్ధమైనా ఎంత నిలకడ!) ఈసీయూ ఒక రెసిస్టర్ గుండా 5 వోల్టులు పంపుతుందనీ, సెన్సర్ వేడెక్కేకొద్దీ దాని రెసిస్టెన్స్ తగ్గి వోల్టేజీ పడిపోతుందనీ, ఎక్కడ తెగినా ఆ 5 వోల్టులు అలాగే నిలబడి ఈసీయూకి గడ్డకట్టే చలిలా కనిపిస్తాయనీ పాఠం చెబుతారు.

ఆపైన వాళ్ల అఘాయిత్యం చూడండి. ఇగ్నిషన్ ఆన్ చేసి, రెండు పిన్నుల కనెక్టర్ ఊడదీసి, వైర్ల వైపు ఆ రెంటినీ జంపర్ వైరుతో కలుపుతారు. రీడింగ్ ఒక్కసారిగా నూరు దాటి ఎగబాకితే వైర్లూ ఈసీయూ నిర్దోషులు, దొంగ సెన్సరో దాని పిన్నో. కదలకపోతే సిగ్నల్ పిన్నును మాత్రం బాడీ ఎర్త్‌కు తగిలిస్తారు. అప్పుడు ఎగబాకితే తెగింది గ్రౌండ్ వైరు. మూడు పిన్నుల సెన్సర్ల దగ్గర మాత్రం ఈ సాహసం చేయరు, 5 వోల్టుల సప్లై షార్ట్ అవుతుందని భయం. సెన్సరునూ వదలరు. చాలా కార్లలో 20 డిగ్రీల దగ్గర 2 నుంచి 3 కిలో ఓములు, 80 దగ్గర 300 ఓములకు అటూ ఇటూ ఉండాలని కొలుస్తారు. చివరికి కనెక్టర్‌లో పచ్చటి చిలుము చూపించి, తుడిచి, కోడ్ చెరిపేసి పంపేస్తారు. ఒక్క పార్టూ అమ్ముడుపోదు!

అయినా నిరాశ వద్దు. లావుపాటి మీటర్ ప్రోబును ఆడ పిన్నులోకి బలంగా గుచ్చేవాళ్లు వాళ్లలోనూ ఉన్నారు. పిన్ను వెడల్పవుతుంది, కాంటాక్ట్ వదులవుతుంది, గతుకుల రోడ్డు ఎక్కగానే పీ0118 తిరిగొస్తుంది. అప్పటికి మన సెన్సర్ సిద్ధంగా ఉంటుంది.