సరిగ్గా అప్పుడే తలుపు తట్టే భటుడు గారికి

మహారాజశ్రీ భటుడు గారికి,

నమస్కారాలు. పేరు పెట్టి మర్యాదగా పిలుద్దామంటే, నిన్న నేను చదివిన నవలలో రచయిత్రి మీకు పేరు పెట్టలేదు. ముఖం కూడా ఇవ్వలేదు. ఇచ్చిందల్లా ఒక పిడికిలి. దానితోనే నిన్న రాత్రి నా కొంప ముంచారు.

ఘట్టం మీకు గుర్తుండే ఉంటుంది. ఉత్తర బురుజు మీద గది. బయట మంచు, లోపల ఒకే దీపం. తాళాలు చేసే అమ్మాయి, రాత్రిళ్లు రాయిగా మారిపోయే రాకుమారుడు. సగం పుస్తకం ఒకళ్లనొకళ్లు కసురుకుని, మిగతా సగం ఒకరికి తెలియకుండా ఒకరిని చూసుకుని, చివరికి ఎదురెదురుగా నిలబడ్డారు. అప్పుడే అతని వేళ్లు బిగుసుకుంటున్నాయి. "ఇది చెప్పకుండా రాయినైపోతే..." అన్నాడు. ఆమె ఒక అడుగు ముందుకేసింది.

టక్ టక్.

"యువరాజా! సరిహద్దులో శత్రుసైన్యం కనిపించింది!"

అయ్యా, సరిహద్దు ఎంత దూరమో వెంటనే పుస్తకం మొదట్లో ఉన్న మ్యాపులో చూశాను. (నోరు తిరగని ఊళ్ల పేర్లతో నిండిన ఆ మ్యాపు పనికిరావడం అదే మొదటిసారి.) గుర్రం మీద మూడు రోజుల ప్రయాణం. మూడు రోజుల దూరంలో ఉన్న సైన్యం గురించి మూడు నిమిషాలు ఆగి చెబితే రాజ్యం కూలిపోతుందా? పైగా ఆయన కాసేపట్లో రాయైపోతాడు. తెల్లారేదాకా ఆయన చేయగలిగింది ఏమీ లేదు. ఆ శాపం సంగతి కోటలో గుర్రాలు కడిగేవాడికి కూడా తెలుసు. మీకే తెలియదా?

అసలు ఆ రాజ్యంలో మాట్లాడే అద్దాలున్నాయి. కబుర్లు మోసే గుడ్లగూబ ఉంది. పుస్తకం మొత్తంలో అందరికంటే చిరాకు దానికే, నాకు అందరికంటే ఇష్టమూ అదే. ఆ రాత్రి అది కిటికీ దగ్గరికి వచ్చి, లోపల సంగతి చూసి, వెనక్కి తిరిగి కూర్చుంది. పక్షికున్న పాటి ఇంగితం మీకు లేకపోయింది.

హీరోయిన్ మీద కూడా నాకు కోపంగానే ఉంది. దయ్యాలు సైతం తెరవలేని తాళాలు చేసే పిల్ల, లోపల గడియ వేయడం మర్చిపోయింది!

పూటకూళ్లింట్లో వాళ్లిద్దరికీ ఒకే మంచం మిగిలినప్పుడు ఊరుకున్నాను. రాకుమారుడి కళ్లు అధ్యాయానికోసారి వెండిలా మెరిసినా ఊరుకున్నాను. ఆమె గాయానికి కట్టు కడుతూ అతను ఊపిరి బిగబట్టినప్పుడు ఇక్కడ నాకు ఊపిరాడలేదు. అయినా ఏమీ అనలేదు. మీ దగ్గరే ఓపిక అయిపోయింది.

కథ నెమ్మదిగా నడవడం మీద నాకేమీ కోపం లేదని గమనించగలరు. చలికి ఆమె పనిముట్లు వేళ్లకు అంటుకుపోతుంటే, అతను రోజూ తెల్లారగానే, ఆమె లేవకముందే వాటిని నెగడు పక్కన పెట్టి వెళ్లిపోతాడు. ఆ పని ఎవరిదో ఆమెకి చాలా అధ్యాయాలకు గానీ తెలియదు. తెలిసిన రోజున కూడా ఆమె ఏమీ అడగదు, ఆ వెచ్చటి సుత్తిని కాసేపు చేతిలోనే ఉంచుకుంటుంది. అంతే. అక్కడ పుస్తకం మూసి కాసేపు గోడ వైపు చూస్తూ కూర్చున్నాను. ఇలాంటిదైతే ఇంకో వెయ్యి పేజీలు సాగదీసినా చదువుతాను.

పాత కథల్లో ఆలస్యాలు లేవా? సుందరి, మృగం (బ్యూటీ అండ్ ద బీస్ట్) కథే తీసుకోండి. విల్నెవ్ అనే ఫ్రెంచి రచయిత్రి 1740లో నవలంత పొడుగ్గా రాస్తే, 1756లో బోమాంట్ అనే ఆవిడ దాన్ని పిల్లల కోసం బాగా కుదించింది. ఆవిడ కుదించిన కథలో కూడా మృగం ప్రతి రాత్రీ భోజనాల వేళ వచ్చి, నన్ను పెళ్లి చేసుకుంటావా అని సూటిగా అడుగుతాడు. ఆమె చేసుకోనంటుంది. అలా మూడు నెలలు! ఆలస్యమంతా ఆ పిల్ల మనసులోనే ఉంది. పైగా ఆ కోటలో కంటికి కనిపించే నౌకరు ఒక్కడూ లేడు. ఎందుకో నాకిప్పుడు అర్థమైంది.

గ్రిమ్ సోదరులు 1812లో అచ్చేసిన నిద్రపోయే రాకుమారి కథలోనైతే నూరేళ్ల ఆలస్యం. కానీ రాకుమారుడు లోపలికి వెళ్లి ముద్దు పెట్టుకున్నప్పుడు అడ్డం ఎవరొచ్చారు? ఎవరూ రాలేదు. వంటవాడు నిద్ర, కుక్కలు నిద్ర, గోడ మీద ఈగలు కూడా నిద్ర. శాపం పెట్టినా, కోటలో సిబ్బందినంతా పడుకోబెట్టి మరీ పెట్టారు. ఎంత ముందుచూపు!

మరి మీ కోటలో? మీరొక్కరే మెలకువగా ఉన్నారు.

మీరు తట్టాక ఏం జరిగిందో చెప్పనా? ఇద్దరూ చెరో గోడకీ వెళ్లి నిలబడ్డారు. అతను కత్తి సర్దుకున్నాడు, సగం రాయైన చేత్తో. పేజీ తిప్పితే మంత్రగత్తె గుహ. ఆ తర్వాత ఇద్దరూ గుర్రాల మీద పోతూ వాతావరణం గురించి మాట్లాడుకున్నారు. ఆ అడుగు గురించి ఒక్క ముక్క లేదు. ఆ టెన్షన్‌తో నేను తెల్లవారుజాము దాకా చదివితే, చివరికి తేలిందేమిటి?

సైన్యం కాదు. సంతకు పోతున్న గొర్రెల మంద. మంచులో సరిగ్గా కనపడలేదట!

ఒరేయ్! ఇంక గారూ లేదు, మహారాజశ్రీ లేదు. గొర్రెల కోసమా నువ్వు ఆ మెట్లన్నీ ఎక్కావు? గొర్రెల కోసమా ఆ వాక్యం మధ్యలో తెగిపోయింది? ఆ వాక్యం పూర్తి కాకుండానే "మొదటి భాగం సమాప్తం" అని వేశారు, తెలుసా నీకు?

సరే. నిజం చెప్పాలంటే, నువ్వు తట్టినప్పుడు లోపలున్న వాళ్లిద్దరికంటే నేనే ఎక్కువ ఉలిక్కిపడ్డాను. నా గది తలుపు వైపు చూశాను కూడా. కాగితం మీది పిడికిలికి అంత బలం వచ్చిందంటే ఆ రచయిత్రి ఘటికురాలే, ఒప్పుకుంటాను.

రెండో భాగం రాగానే కొంటాను. అందులోనూ ఆ బురుజు ఉంటుంది, ఆ గది ఉంటుంది, ఆ మెట్ల కింద నువ్వూ ఉంటావు. ఆ ఒక్క రాత్రికి సెలవు పెట్టు. జ్వరమని చెప్పు, కాలు బెణికిందని చెప్పు, నీ ఇష్టం. సెలవు చీటీ నేను రాసిస్తాను, సంతకం గుడ్లగూబ చేత పెట్టించుకో.

ఇట్లు,
నిద్ర చాలని ఒక పాఠకురాలు