ఆరడుగుల డిష్ పెడితే అన్నీ ఫ్రీయా? ఆ ఫార్వర్డ్‌ని కాస్త విప్పి చూద్దాం

మారతహళ్లి నుంచి కేఆర్ పురం దాకా బెంగళూరు తెలుగువాళ్ల అపార్ట్‌మెంట్ గ్రూపుల్లో ఒక మెసేజ్ ఆగకుండా తిరుగుతోంది. సారాంశం ఇది: నెలనెలా డీటీహెచ్ రీచార్జ్ దండగ, ఎలక్ట్రానిక్స్ కొట్లుండే ఎస్‌పీ రోడ్డుకెళ్లి పెద్ద డిష్, ఫ్రీ రిసీవర్ కొనుక్కుంటే తెలుగు చానెళ్లన్నీ జీవితాంతం ఉచితం. డిష్ ఎంత పెద్దదైతే అన్ని ఎక్కువ చానెళ్లు, పైగా వానకి కూడా పోదు. హెచ్‌డీ కావాలంటే హెచ్‌డీ ఎల్‌ఎన్‌బీ (డిష్ ముందు కొమ్మకి ఉండే, సిగ్నల్ పట్టే చిన్న డబ్బా) వేయించుకోండి. ఒకే వైరుకి స్ప్లిటర్ (వైరుని పాయలుగా చీల్చే ముక్క) పెట్టి అన్ని గదుల్లో చూసుకోండి. ఏ కంపెనీ అయినా ఒకటే. ఇదంతా వద్దనుకుంటే ఊరి నుంచి బాక్స్ తెచ్చుకోండి, కర్ణాటక కనెక్షన్‌కి తెలుగు ప్యాక్ ఇవ్వరు. చివర్లో మామూలే, పది మందికి పంపండి.

పంపేశారు కూడా. ఇందులో పావు వంతు నిజం ఉంది, అదే ఇబ్బంది.

ముందు ఆ ఫ్రీ సంగతి. డీడీ ఫ్రీ డిష్ నిజంగానే ఉచితం. ప్రసార్ భారతి 2004 డిసెంబర్‌లో డీడీ డైరెక్ట్ ప్లస్ పేరుతో మొదలుపెట్టింది, నెల చందా అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు. ఒకసారి డిష్, బాక్స్ కొంటే చాలు. డీడీ యాదగిరి, డీడీ సప్తగిరి వస్తాయి, వార్తలు, హిందీ సినిమాలు బోలెడు. కానీ ఈ మెసేజ్ చదివి ఎగిరి గంతేసేవాళ్లకి కావాల్సింది స్టార్ మా, జీ తెలుగు, జెమినీ. అవి పే చానెళ్లు. ఫ్రీ డిష్‌లో ప్రైవేటు చానెళ్లు వేలంలో స్లాటు కొనుక్కుని వస్తాయి, లెక్క కుదరకపోతే వెళ్లిపోతాయి. 2019 మార్చిలో పెద్ద నెట్‌వర్కులన్నీ తమ హిందీ చానెళ్లని అందులోంచి తీసేశాయి, 2020లో మళ్లీ వచ్చాయి, 2022 ఏప్రిల్‌లో మళ్లీ వెళ్లాయి. హిందీ వాళ్లకే ఇలా ఉంటే మనకి జీవితాంతం గ్యారంటీ ఎవరిచ్చారో ఆ మెసేజ్ రాసినాయనే చెప్పాలి. ఉన్నంత వరకు చూద్దాం అనుకునేవాళ్లకి, ముఖ్యంగా ఇంట్లో రెండో టీవీకి, ఫ్రీ డిష్ చాలా మంచిది. ఆ మాట అలాగే రాస్తే ఈ గొడవే లేదు.

ఇక పెద్ద డిష్. ఆరడుగుల డిష్ అంటే సీ బ్యాండ్ అనే రకం ఉపగ్రహ తరంగాలు పట్టేది, పాతకాలంలో కేబుల్ ఆపరేటర్ల మేడ మీద కనిపించేది. దానికి చాలా ఉపగ్రహాలు అందుతాయి, నిజమే. కానీ అందడం వేరు, తెర మీద బొమ్మ రావడం వేరు. పే చానెళ్లన్నీ ఎన్‌క్రిప్ట్ అయి, అంటే తాళం వేసి, దిగుతాయి, వాటిని విప్పే రిసీవర్ ఆ చానెల్ వాళ్లు కేబుల్, డీటీహెచ్ కంపెనీలకి ఒప్పందం మీద ఇచ్చేది, మన ఇంటికి ఇచ్చేది కాదు. కొన్ని కొట్ల దగ్గర 'కీ వేసి ఇస్తాం సార్' అంటారు. అది దొంగతనం, ఆ సంగతి పక్కన పెట్టినా అవతల కీ మార్చిన రోజు తెర నల్లబడుతుంది, కొట్టువాడు ఫోన్ ఎత్తడు.

ఇంకో చిక్కు గురించి ఎవరూ మాట్లాడరు. 2022 వేలంలో 5జీకి 3300 నుంచి 3670 మెగాహెర్ట్జ్ దాకా ఇచ్చారు. ఇళ్ల కోసం అమ్మే పాత రకం సీ బ్యాండ్ ఎల్‌ఎన్‌బీ 3400 నుంచి 4200 దాకా అన్నీ వింటుంది. మీ మేడకి ఎదురుగా 5జీ టవర్ ఉంటే, బెంగళూరులో ఎక్కడ లేదు గనక, ఆ హోరులో ఉపగ్రహం మాట వినపడదు. దానికి విడిగా ఫిల్టర్ కావాలి. ఫార్వర్డ్‌లో ఫిల్టర్ ఊసే లేదు.

మరి మామూలు డీటీహెచ్‌కే 60 సెంటీమీటర్ల బదులు 90 పెడితే? చానెల్ ఒక్కటి కూడా పెరగదు. చానెళ్ల లిస్టు మీ డిష్ చూసే ఉపగ్రహాన్ని బట్టి, మీ ప్యాక్‌ని బట్టి ఉంటుంది. పెరిగేది సిగ్నల్ బలం: వైశాల్యం రెండుంపావు రెట్లు అవుతుంది, అంటే దాదాపు మూడున్నర డెసిబెల్స్ లాభం. చిన్న వానకి అది పనికొస్తుంది. కానీ ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రం నాలుగింటికి వైట్‌ఫీల్డ్ మీద ఒక్కసారిగా కుండపోత కురుస్తుందే, దానికి 60 అయినా 90 అయినా ఒకటే, కాసేపు పోతుంది, మబ్బు జరిగాక వస్తుంది. డీటీహెచ్ వాడేది కేయూ బ్యాండ్, ఆ తరంగాలని వాన చినుకులు బాగా తినేస్తాయి, అందులో ఏ కంపెనీ మోసమూ లేదు. సన్న జల్లుకే గంటల తరబడి పోతోందంటే మాత్రం అది వాన తప్పు కాదు. డిష్ గురి తప్పింది, లేదా కనెక్టర్‌లోకి నీళ్లు దిగాయి. పెద్ద డిష్‌తో ఇంకో తలనొప్పి గాలి. అది తెరచాపలా గాలి పట్టేస్తుంది, బాల్కనీ గ్రిల్‌కి రెండు బోల్టులతో బిగిస్తే మే నెల ఈదురుగాలికి కొంచెం కదిలినా చాలు. 60 సెంటీమీటర్ల డిష్ చూపు సుమారు 3 డిగ్రీల వెడల్పు, 90ది 2 డిగ్రీలే, కాబట్టి పెద్దదానికి గురి ఇంకా కచ్చితంగా ఉండాలి. బిగించడం రాని చోట పెద్ద డిష్ పెడితే చిన్నదానికంటే అధ్వాన్నం.

'ఏ కంపెనీ అయినా ఒకటే' అన్న ముక్క దగ్గర కొంచెం ఎక్కువ సేపు ఆగాలి, ఎందుకంటే బెంగళూరు ఫ్లాట్లలో డబ్బు వృథా అయ్యేది ఇక్కడే. ఆ మెసేజ్‌లో ఆకాశం గురించి ఒక్క మాట లేదు. టాటా ప్లే ఉపగ్రహం 83 డిగ్రీల తూర్పు రేఖాంశం మీద ఉంది, డీ2హెచ్ 88 మీద, సన్ డైరెక్ట్ 91.5, 93.5 మీద, ఫ్రీ డిష్ 93.5 మీద, డిష్ టీవీ 95 మీద, ఎయిర్‌టెల్ 108.2 మీద. బెంగళూరు 77.6 దగ్గర ఉంది, అంటే ఇవన్నీ మనకి దక్షిణం, తూర్పుల మధ్యలోనే. పడమర బాల్కనీకి ఏదీ కనపడదు. మనవాళ్లకి ఇక్కడే దెబ్బ. పట్టుబట్టి ఈస్ట్ ఫేసింగ్ ఫ్లాటే కొంటాం, అంటే గుమ్మం తూర్పుకి, చాలా అపార్ట్‌మెంట్లలో బాల్కనీ దానికి ఎదురు వైపు, పడమరకి. వాస్తు బాగానే ఉంటుంది, సిగ్నల్ ఉండదు.

దక్షిణం బాల్కనీ ఉందని సంబరపడేవాళ్లకి ఇంకో మెలిక. మనం భూమధ్యరేఖకి దగ్గర కదా, ఉపగ్రహాలు నెత్తి మీదకి వచ్చేస్తాయి. 83 మీదున్న టాటా ప్లేది బెంగళూరులో నేల నుంచి సుమారు 73 డిగ్రీల ఎత్తున ఉంటుంది, ఢిల్లీలో అదే 56. అంటే మీ పై ఇంటివాళ్ల బాల్కనీ శ్లాబే అడ్డం. డిష్‌కి పైన ఆరడుగుల ఎత్తులో శ్లాబు ఉంటే, దక్షిణం బాల్కనీలో డిష్‌ని అంచు నుంచి అడుగున్నర కంటే లోపల పెడితే టాటా ప్లే ఉపగ్రహం కనపడదు. ఎయిర్‌టెల్‌ది బాగా తూర్పున, 52 డిగ్రీల ఎత్తులోనే ఉంటుంది, కాబట్టి తూర్పు బాల్కనీలో నాలుగడుగులు లోపలున్నా దొరుకుతుంది. అదే ఎయిర్‌టెల్‌కి ఎదురుగా తూర్పున పది అంతస్తుల టవర్ లేస్తే అంతే సంగతులు, నెత్తి మీదున్న 83కి ఆ బెడద తక్కువ. మేడ మీద పెట్టుకోనిస్తే ఈ లెక్కలేవీ అక్కర్లేదు, కానీ అసోసియేషన్ వాళ్లు ఒప్పుకోవాలి, పైగా అక్కడి నుంచి వైరు పొడుగు.

కాబట్టి ఆఫర్లు చూసే ముందు ఫోన్‌లో ఒక శాటిలైట్ ఫైండర్ యాప్ వేసుకుని బాల్కనీలో నిలబడండి. కెమెరాలో ఏ ఉపగ్రహం ఎక్కడుందో చూపిస్తుంది. ఇనప గ్రిల్ పక్కన ఫోన్ దిక్సూచి తప్పు చూపిస్తుంది, కొంచెం దూరం జరగండి. డిష్ వంపుని చూసి అంచనా వేయకండి, ఇవన్నీ ఆఫ్‌సెట్ డిష్‌లు, అవి ఎదురుగా చూస్తున్నట్టున్నా అసలు చూపు దానికి ఇరవై ముప్పై డిగ్రీలు పైకి ఉంటుంది. మీ బాల్కనీకి ఏ ఉపగ్రహం కనపడుతుందో ఆ కంపెనీ తీసుకోండి. ప్యాక్ ధర తేడా ఆ తర్వాతి ముచ్చట.

మా తెలిసినవాళ్లింట్లో ఒక టెక్నీషియన్ డిష్ బిగించి 'సిగ్నల్ 90 ఉంది మేడమ్' అని సంతకం పెట్టించుకుని వెళ్లిపోయాడు. ఆ 90 స్ట్రెంగ్త్. చూడాల్సింది క్వాలిటీ. స్ట్రెంగ్త్ పక్క ఉపగ్రహం వల్ల కూడా పెరుగుతుంది, క్వాలిటీ మాత్రం మీకు కావాల్సినదాన్ని పట్టుకుంటేనే లేస్తుంది. తెర మీద ఆ క్వాలిటీ గీత చూడనిదే సంతకం పెట్టకండి.

హెచ్‌డీ ఎల్‌ఎన్‌బీ, గోల్డ్ ఎల్‌ఎన్‌బీ, 4కే ఎల్‌ఎన్‌బీ అన్నీ డబ్బా మీద రాతలే. ఎల్‌ఎన్‌బీకి హెచ్‌డీ అంటే ఏంటో తెలీదు, వచ్చిన తరంగం ఫ్రీక్వెన్సీ తగ్గించి వైరులోకి పంపుతుంది. హెచ్‌డీ తేల్చేది బాక్స్, ప్యాక్, హెచ్‌డీఎంఐ వైరు. కొత్త హెచ్‌డీ బాక్స్‌ని మూడు రంగుల పాత పిన్నులతో టీవీకి కలిపి 'తేడా ఏం లేదు' అనేవాళ్లు ఇంకా ఉన్నారు. ఫ్రీ డిష్ కొనేవాళ్లు మాత్రం ఎంపెగ్-4 బాక్స్ అడిగి తీసుకోండి, పాత ఎంపెగ్-2 బాక్స్‌లో కొన్ని చానెళ్లు అసలు రావు.

స్ప్లిటర్ గురించి క్లుప్తంగా: నమ్ముకోకండి. బాక్స్ 13 వోల్టులు పంపితే ఎల్‌ఎన్‌బీ ఒక రకం చానెళ్లు ఇస్తుంది, 18 పంపితే ఇంకో రకం. హాల్లో అత్తగారి సీరియల్ ఒకదాంట్లో, బెడ్‌రూమ్‌లో మ్యాచ్ ఇంకోదాంట్లో ఉంటే ఒకే వైరు ఇద్దరి మాటా వినలేదు. రెండు టీవీలకి ట్విన్ ఎల్‌ఎన్‌బీ (రెండు వైర్లకి విడివిడిగా సిగ్నల్ ఇచ్చేది), రెండు విడి వైర్లు. వైరు ఆర్‌జీ6 అనే రకం డిష్ కేబుల్ అయి ఉండాలి.

చివరికి ఊరి నుంచి బాక్స్ తెచ్చుకోమన్న సలహా. 2019 ఫిబ్రవరి నుంచి టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ నిబంధనల ప్రకారం ఏ చానెల్ కావాలంటే అది విడిగా ఎంచుకోవచ్చు. బెంగళూరు అడ్రస్ పెడితే యాప్ ముందు కన్నడ ప్యాక్ చూపించొచ్చు, భాష తెలుగు అని మార్చుకుంటే సరి. ఊళ్లో ఎలాగూ వాడని బాక్స్ ఉంది కదా అని తెచ్చుకున్నా తప్పేం లేదు, ఉపగ్రహం నీడ దేశమంతా పడుతుంది, బాక్స్ ఇక్కడా పనిచేస్తుంది. గురి మాత్రం మళ్లీ పెట్టించాలి: విజయవాడలో 83 డిగ్రీలది దాదాపు నేరుగా దక్షిణానికి ఉంటే, ఇక్కడ దానికంటే ఇంకో పధ్నాలుగు పదిహేను డిగ్రీలు తూర్పుకి జరుగుతుంది. ఒక కంపెనీ బాక్స్ ఇంకో కంపెనీ ప్యాక్‌తో పనిచేయదు కూడా, బాక్సులు మార్చుకునే వీలుండాలని ట్రాయ్ 2020లో సిఫారసు చేసింది కానీ ఇళ్లలో అది ఇంకా రాలేదు. కాబట్టి బస్సులో బాక్స్ మోసుకొచ్చే ముందు, ఆ కంపెనీ ఉపగ్రహం మీ బాల్కనీకి కనపడుతుందో లేదో చూసుకోండి.